కోసేసిన రెండంగుళాలు

అజ్మాన్‌లో చేపల మార్కెట్ వెనక వీధి.
మా టైపింగ్ సెంటర్లో ఏసీ చుక్కలు చుక్కలుగా కారే మధ్యాహ్నం
హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చాడు లింబాద్రి.
"అక్కా, ఒక కాయితం కొట్టాలె.
ఇన్సూరెన్సోళ్లకు.
బండికి ఏమేం పెట్టిచ్చిన్నో అన్ని రాయాలె,
ఒక్కటి గూడ దాయొద్దు."

వీసాలు కొట్టాను, విడాకులు కొట్టాను,
పారిపోయిన పనివాడి మీద యజమాని ఫిర్యాదు కొట్టి
మర్నాడు ఆ పనివాడి క్షమాపణ కూడా నేనే కొట్టాను.
ఒక బండి తరఫున నేరం ఒప్పుకోవడం మాత్రం
ఇదే మొదలు.

అసలు సంగతి బాజన్నది.
చీకట్లో దారి ఆనక
బండి ముందర రెండు పసుపుపచ్చ లైట్లు బిగించుకున్నాడు,
ఒక్కోటీ పాతిక దిర్హాములు.
జూన్‌లో పికప్ ఒకటి గుద్ది, ఆగకుండా పోయింది.
ఎనకనుంచి అక్కా, ఎనకనుంచి,
అని లింబాద్రి రెండుసార్లు అన్నాడు.
ముందరి లైట్ల మాట చెప్పలేదు గనక
డబ్బు రాదు పొమ్మంది కంపెనీ.

చెప్పు, అన్నాను.

లెగ్ గార్డు. ఫోన్ స్టాండు.
పెట్టె కింద ఇనప చట్రం, నాలుగంగుళాలు వెడల్పు చేసింది,
చేసినవాడు పెషావర్ వెల్డరు, పేరు తెలీదు, ఖాన్ భాయ్ అని రాయి.
హారను మార్చింది...
"అది రాయకు. ఇయ్యాల్నే పీకేస్త."
ట్యాంకు కాలకుండా పాత జీన్స్ ప్యాంటుతో కుట్టిన తొడుగు.
అద్దానికి ఎర్రదారం.
దారం అక్కర్లేదయ్యా, అన్నాను.
"బాజన్న గూడ లైట్లు అక్కర్లేదనుకున్నడు."

దారం రాశాను. ఖరీదు సున్నా.
కంప్యూటరు సున్నా ఒప్పుకోలేదు.
ఒక దిర్హాము అని కొడితే
తీసుకుంది.

అప్పుడు కాస్త ఆగి, సీటు, అన్నాడు.
సీటుకేం?
"కోసిన."

మనిషి అయిదడుగుల ఒక అంగుళం.
బండి ఇంకెవరి కాళ్లకో కొలిచి చేసింది.
సిగ్నల్ దగ్గర పాదం ఆనక రెండుసార్లు పక్కకి ఒరిగి
బిర్యానీ డబ్బాలు తారు మీద పరిచాడు,
రెండుసార్లూ జీతంలో కోత.
మూడోసారి పడకముందే,
ఆర్డరు కోసం కూచున్న షవర్మా కొట్లో
మాంసం చెక్కే కత్తి అడిగి తీసుకుని
రెండంగుళాల స్పాంజి కోసి పారేశాడు.

ఫారం గళ్లు చూశాను.
అమర్చిన వస్తువు. అమర్చినవారు. ఖరీదు.
తీసేసినదానికి గడి లేదు.
అరబ్బీ వైపు కూడా వెతికాను,
అక్కడా లేదు.
పదకొండేళ్లుగా ఈ కుర్చీలో నా కాళ్లు నేలకి అందవు,
కింద కాయితాల అట్టపెట్టె వేసుకుంటాను.
ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సీటు ఎత్తు తగ్గించడమైనది, అని రాశాను.
కారణం దగ్గర చేతులు ఆగాయి.
అతని పొట్టితనం రాయాలా, బండి పొడుగు రాయాలా?
"కాలు అందేటందుకు" అన్నాడు.
అదే కొట్టాను.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది:
అదనంగా తొంభై ఆరు దిర్హాములు,
ఒక ప్రశ్న.
సీటును మునుపటి స్థితికి తేవడం సాధ్యమా?
చదివి వినిపిస్తే తల గోక్కున్నాడు.
"ఆ స్పాంజి పారెయ్యలె అక్కా, అబద్ధమాడిన.
బాజన్న మడమ కింద పెట్టిన. పట్టీ ఒరుసుకుంటుందంటే."

లేదు, అని ఒక్క ముక్క కొట్టి పంపించాను.
పదిహేను దిర్హాములు అన్నాను.
ఇరవై ఇచ్చాడు, చిల్లర కోసం సొరుగు తీస్తుంటే
"ఉండనియ్యి" అన్నాడు,
"ఆ దారం తెగిందనుకో,
మళ్లొక కాయితం కొట్టాలె గద."