రెండు వందల పద్నాలుగు ఫాంట్లు

చిక్కడపల్లిలో మెట్ల కింద నా డీటీపీ సెంటర్.
ఇరవై రెండేళ్లుగా పెళ్లికార్డులు, దశదినకర్మ కార్డులు,
గృహప్రవేశాలు, టులెట్ బోర్డులు.
ఒక్కో ఫాంటు ఒక్కో చోట సంపాదించాను.
ఇది కాచిగూడలో మూతపడ్డ ప్రెస్సు నుంచి, ఫ్లాపీలో.
ఇది కోఠీ ఫుట్‌పాత్ మీద, గీతలు పడ్డ సీడీలో.
ఈ వంపుల ‘ళ’ ఉన్నది మాత్రం
లింబాద్రి అన్న పోయే ముందు
పెన్‌డ్రైవ్‌లో వేసి నా జేబులో పెట్టింది.

మొన్న రాత్రి షట్టర్ సగం దించి
చెవి మిషన్ ధర వెతికాను. ఒక్కసారే.
ఎడమ చెవి సంగతి ఇంట్లో కూడా తెలీదు.
పేర్లు రెండోసారి అడిగితే
స్పెల్లింగ్ కోసమనుకుంటారు కస్టమర్లు.

పొద్దున పంచాంగం తెరిస్తే
దుర్ముహూర్తం పక్కన చెవి మిషన్.
నిమజ్జనానికి ట్రాఫిక్ ఎటు మళ్లించారో చూస్తే
దాని కిందా చెవి మిషన్, ఈఎంఐలో.
ప్రూఫు చూస్తున్న పెళ్లికూతురి తండ్రి
స్క్రీన్ వంక చూసి, నా వంక చూసి
గొంతు కొంచెం పెంచాడు.

కుకీలన్నీ తుడిచాను.
పేరు ఎక్కడా ఇవ్వలేదు.
మళ్లీ వచ్చింది.

టోనర్ నింపే జుబేర్ కుర్చీ లాక్కుని
ఏదో పరీక్ష పెట్టాడు మిషన్‌కి.
“రెండు లక్షల మందిలో
నీలాంటోడు ఇంకోడు లేడు చాచా.”
నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం గర్వపడ్డాను.
యాభై మూడేళ్లలో ఆ మాట నాతో ఎవరన్నారు?

“పేరెందుకు వాళ్లకి? నీ ఫాంట్ల లిస్టు చాలు.
ఇంకోటి, నీకు కనపడకుండా
నీ మిషన్‌తోనే నాలుగు అక్షరాలు గీయిస్తరు.
అంచుల్లో నీడ
ఒక్కో మిషన్‌కి ఒక్కో తీరు పడుతది.”

అది నాకు చెప్పాలా?
ఏ శుభలేఖ చేతికిచ్చినా
‘క’ తలకట్టు చూసి
ఏ సందులో ఏ ప్రెస్సో చెప్పేవాణ్ణి.
నేను చూసినట్టే నన్ను చూస్తున్నారు.
కాకపోతే నేను కార్డు తిప్పి చూసి
మర్చిపోతాను.

దాక్కోవాలంటే అందరిలా ఉండాలట.
ఫాంట్లు తీసెయ్యాలి.
బ్రౌజర్ కిటికీ అందరి కొలతకే తెరవాలి.
పండగ ముందు సాయంత్రం సుల్తాన్ బజార్‌లో
జనంలోకి జారిపోయినట్టు.

డిలీట్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.
లింబాద్రి అన్న ‘ళ’
స్క్రీన్ మీద ముడుచుకుని పడుకుంది.

చివరికి పాత మిషన్‌కి నెట్ వైరు పీకేశాను.
అక్షరాలన్నీ ఇప్పుడు ఘోషాలో ఉన్నాయి.
బయటి పనికి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్,
ట్రాకర్లను గుమ్మంలోనే ఆపే బ్రౌజర్,
తెలుగుకి ఒక్క గౌతమి,
అందరిళ్లలో ఉండేదే.
పెన్‌డ్రైవ్ పట్టుకుని
రోజంతా రెండడుగులు ఇటు, రెండడుగులు అటు.
“పూర్తిగా మాయం కాలేవు చాచా,
కొంచెం మసకబారతవ్, అంతే” అంటాడు జుబేర్.
మసక చాలు.

సోమవారం బస్సెక్కి ఒక్కణ్ణే
కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి లైన్‌లో నిలబడ్డాను.
ఓపీ చీటీ రాసే అమ్మాయి ఏదో అడిగింది.
వినపడలేదు.
మళ్లీ అడిగింది, పేరు.
చెప్పాను, ఇంటిపేరుతో సహా,
స్పెల్లింగ్ కూడా.

ఇక్కడ మాత్రం రాయను.