మేకుల పొలం

దక్షిణ వర్జీనియా. పొగాకు కోసేసిన ఎర్రనేల.
దున్నాక రెండు వానలు పడ్డాయి.
హార్లన్ టక్ ట్రక్కు వెనక తలుపు దించి
రెండు యంత్రాల్ని పందెంకోళ్లలా నేల మీదికి వదిలాడు.

పాతది వాళ్ల మామ వర్లిన్‌ది. పిడి చుట్టూ నల్లటేపు.
మోచేతి లోతు దాకా వింటుంది,
కానీ ఒక మాట మింగేదాకా రెండోది దాని చెవికెక్కదు.
కొత్తది పన్నెండు వందల డాలర్లు.
నా మనవరాలిలా
ఎదుటివాడు నోరు తెరవకముందే అందుకుంటుంది.

ఒకప్పుడు ఇక్కడ కమ్మరి కొలిమి ఉండేది.
గడ్డివాములో సూది అంటారే,
ఇక్కడ వామంతా సూదులే.
మేకు, మేకు తల, విరిగిన నాడా, మళ్లీ మేకు.

పరీక్ష పెట్టాం:
రెండు మేకుల నడుమ సైనికుడి ఇత్తడి బొత్తాం.
పాతది గుర్రుమని దాటిపోయింది.
ఇనుముతో కూడితే అగ్నికే సమ్మెట పోట్లు తప్పవు,
బొత్తామెంత!
కొత్తది ఆ గుర్రు మధ్యలోంచే
పిచ్చుకలా ఒక్కసారి కిచ్‌మంది.
"విన్నావా, క్లీటస్?"
ముప్పయ్యేళ్లు రంపం మిల్లులో పనిచేసిన చెవులు ఇవి.
అయినా విన్నాను.

"వివక్ష పెంచు" అన్నాడు, మర చూపిస్తూ.
ఆ మర పేరే అది.
తిప్పినకొద్దీ ఇనుము నోరు మూతపడుతుంది.
ఇరవైకి మేకులు పోయాయి, ముప్పైకి నాడాలు.
యాభైకి పొలమంతా నిద్రపోయింది.
ఇక ఇత్తడి, వెండి, సీసం మాట్లాడొచ్చు.

పొద్దువాలేసరికి హార్లన్ సంచిలో
రెండు బొత్తాలు, మూడు తూటాలు, సగం బెల్టుబిళ్ల.

అతను ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటుండగా
మరను సున్నాకి తిప్పాను.
కాళ్ల కింద ఒక్కపెట్టున రొద.
మొదట గుర్రుమన్న చోటే తవ్వాను.
నాలుగు పలకల మేకు. తల మీద నాలుగు దెబ్బలు,
నాలుగోది కాస్త పక్కకి.
అప్పటికి ఎవరో అలసిపోయి ఉంటాడు.

కొలిమి యజమాని పేరు కోర్టు కాగితాల్లో ఉంది.
సమ్మెట ఎత్తినవాడిది లేదు.
ఆస్తి జాబితాలో, కంచరగాడిదల కింది వరసలో,
"కమ్మరి, ఒకడు" అని ఉంది.
మా ఇంటిపేరు ఆ యజమానిదే.

"చెత్తేనా?" హార్లన్ కేకేశాడు.

ఏ యంత్రం మంచిదని నన్నడిగితే
కొత్తదే. అందులో అనుమానం లేదు.
మేకుని జేబులో వేసుకున్నాను.
నడుస్తుంటే ట్రక్కు తాళంచెవికి తగిలి
సన్నగా మోగింది.