తూము

అమలాపురంలో గొట్టం మింగాను.
నోట్లో ప్లాస్టిక్ కడియం, కళ్ళల్లో నీళ్ళు.
తెర మీద నా కడుపు,
వరద తీసిన లంక గట్టులా ఎర్రగా, ఒరుసుకుపోయి.
గిల్లి తెచ్చిన ముక్కని పసుప్పచ్చ మందులో వేశారు.
నేను తేరుకుని టీ తాగేలోపు
అది గులాబీ రంగుకి తిరిగిపోయింది.

"ఉంది," అంది డాక్టరు నాగలత.
"మెలి తిరిగిన పురుగు.
అంత పులుపులో ఏదీ బతకదు కదా,
ఇది చుట్టూ కాస్త క్షారం కక్కుకుని
అందులో దాక్కుంటుంది."

ముప్పయ్యొక్కేళ్ళు లస్కరుని నేను.
బెండమూర్లంక కాలువ మీద తలుపులు ఎత్తాను, దించాను.
ఏదైనా నీళ్ళలో చెబితేనే నాకెక్కుతుంది.
ఆవిడ చీటీ వెనక బొమ్మ గీసింది:
గోడని కరుచుకున్న పురుగు,
దానికో సన్నటి గొట్టం,
గొట్టం కొస మన కణం లోపల.

"తను లోపలికి రాదు. ఒక ప్రోటీన్ని పంపిస్తుంది.
లోపలున్న మన గుమాస్తాలే
మనవాడే అనుకుని దానికి ముద్ర వేస్తారు.
ఆ ముద్ర పడ్డాక దాని పెత్తనం చూడాలి!
కణం సాగిపోతుంది.
పక్క కణం చెయ్యి వదిలేస్తుంది.
ఇంక గోడ గోడలా ఉండదు."

ఆయ్, అన్నాను.

గట్టు కింద నాలుగంగుళాల పైపు.
అమావాస్య రాత్రి, రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు
పంటబోదెలోకి.
మోటారు చప్పుడుకి కుక్కయినా లేవలేదు.
వారం తిరక్కుండా పంపన సూరమ్మ చేలో
నారు కొసలు, అగ్గిపుల్లతో అంటించినట్టు.
పైపు ఎవరిదో నాకు తెలుసు.
"గట్టు క్షేమం" అని రిజిస్టర్లో రాసి
కింద సంతకం గీసింది ఈ చెయ్యే.
అయిదొందలు, ఓ సంచిడు రొయ్యలు.
వేపుడు చేసుకుని తిన్నాం.

పద్నాలుగు రోజులు, పూటకి నాలుగు రకాల మాత్రలు.
"పురుగు పోతుంది," అంది.
మరి గోడండీ, అన్నాను.
"చూద్దాం" అంది, తర్వాతి పేరు పిలుస్తూ.

బస్సు దిగేసరికి సూరమ్మ బోదె గట్టున
గడ్డి కోస్తోంది.
"ఏటంట కడుపులో?" అంది కొడవలి ఆపి.

"గొట్టం, సూరమ్మా," అన్నాను.
తర్వాతి మాట
ఇంకా నోట్లోనే ఉంది,
మాత్రల ఇనప చేదుతో.