కొంగుముడి

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి దిక్కు పోయే బస్సుల నిండా మనుషులే.
సద్దిమూటలు, గొడుగులు, సంకలో పిల్లోళ్లు.
ఎర్రమట్టి మీద వంగిన వీపులు,
ఒక్క రాయి మెరిస్తే చాలు, బతుకు మారుతాదని.

నేను దానికి పోలేదు ప్రభువా, నీకు తెల్సు.
కూలికి పోయినా.
ఓబులేసన్న చేన్లో విత్తనానికి ముందర
రాళ్లు ఏరి గెనిమ మీద పోసే పని.
మూడు నూర్లు.

సద్ది తిని లేచినాక, రెండో సాలు మలుపులో
చింతగింజంత.
ఎంగిలితో తుడిస్తే
నీళ్లే గట్టిపడి కూర్చున్నట్టు ఉండాది.
ఎవురూ చూల్లేదు.
నువ్వు చూస్తావన్న మాట
కొంగున ముడేసినాకనే గుర్తొచ్చింది.

ఆ రాత్రి ముడి మీద చెయ్యేసుకొని పండుకున్యా.
సలోమి నర్సింగు ఫీజు కట్టేసినా.
జకరయ్యను ఇంగ మూటలు మొయ్యొద్దని చెప్పేసినా.
రేకులు తీసి మిద్దె కూడా పోసినా.
అంతా అయినాక, స్తోత్రం చెప్పి నిద్రపోదామంటే
నోరు రాలేదు.
ఉత్త సంగటికి, ఊరిబిండికి
రోజూ చెప్పే నోరే.

ఆ పొద్దే తెల్సిపోయింది, అది నాది కాదని.
అయినా నీతో వాదించినా.
నేల ఆయనదైతే వాన ఎవురిది అంటి.
పారెయ్యమన్న రాయిని దాసిపెట్టుకుంటే తప్పేంది అంటి.
నువ్వు పలకలేదు.
మా యమ్మ కూడా అంతే,
నేను అబద్ధం చెప్పినప్పుడు తిట్టేది కాదు,
చాటలో బియ్యం ఏరుకుంటా కూర్చునేది,
నేనే ఏడ్చి చెప్పేదాకా.

పొద్దన్నే పోయి ఇచ్చేసినా.
ఓబులేసన్న నోట్లో యాపపుల్ల.
సూర్యునికి అడ్డం పట్టి ఇట్లా అట్లా తిప్పినాడు.
"గాజుపెంకు లేమ్మా" అని
జోబులో ఏసుకున్యాడు.
గాజుపెంకును ఎవురన్నా జోబులో ఏసుకుంటారా?
ముందుదినం కూలి లెక్కపెట్టి ఇచ్చినాడు.
మూడు నూర్లే.

జకరయ్య నాలుగు దినాలు మాట్లాడలేదు.
అయిదోనాడు మాపటేల
తన తట్టలో ముద్ద సగం తుంచి
నా తట్టలో పెట్టినాడు. అంతే.

దసరాకు ఓబులేసన్న వాకిట్లో కొత్త ట్రాక్టరు నిలబడింది.
బోరింగు కాడ ఒగరు పన్నెండు లచ్చలంటారు,
ఇంగొగరు ఉత్తదే, బ్యాంకు లోనంటారు.
"పిచ్చిదానా, నీ చేత్తో నువ్వే ఇచ్చుకుంటివి గదే"
అని మా తోటికోడలు ఏసేబమ్మ బిందె ఎత్తుకుంటా అనిపోయింది.
ఆదివారం పాస్టరయ్య
సాక్ష్యం చెప్పమ్మా అని పేరు పెట్టి పిల్సినాడు.
లేయలేదు.
ఏమని చెప్పాల?
ఇచ్చినా, తిరిగి ఏమీ రాలేదు అంటే
ఎవురు చప్పట్లు కొడతారు?

నువ్వు చెప్పినట్టు చేసినాక
ఇంగ నాకేం పని లేదనుకుంటి గదా.
ఇచ్చేయడం ఒగ పొద్దు పని.
అది వజ్రమా, పెంకా
ఆయన్ని అడక్కుండా ఉండడముందే,
అది రోజుకూలి.
తెల్లారితే మళ్లా మొదలు.
ఒగో దినం చేతగాదు కూడా.
మొన్న ఆయన వాకిలి దాకా పోయి
మజ్జిగ అడిగి తాగి వచ్చేసినా.

వాన పడితే రేకు ఇంగా కారుతాది.
కింద గిన్నె పెట్టి పండుకుంటా.
చుక్క చుక్కకు మేలుకొస్తాది.
స్తోత్రం అంటా, మళ్లా కండ్లు మూస్తా.
నోరు వస్తాండాది.

నిన్న ఆ ట్రాక్టర్లోనే
కూలోళ్లందర్నీ చేనికి తోలకపోయినారు.
రోడ్డంతా గుంతలు, బో ఊగుతాది.
కడ్డీని రెండు చేతులా పట్టుకున్యా.
కొంగు
గాలికి ఎట్లబడితే అట్ల ఎగురుతా ఉన్నింది.