మోకాళ్ల లెక్క

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
పెరడు గీశాడు అన్సెల్ము.
ఇల్లొక డబ్బా, నారింజ చెట్టొక సున్నా,
పైన గేటు పక్కన, మీటరు దగ్గర, నల్లగా ఒక చుక్క.
"వాల్వులన్నీ ఇక్కడే. నేలలో పెట్టె పాతి మూసేద్దాం,
కంటికి ఆనవు, ఎండకి పెళుసెక్కవు."

నిజమే. మెర్తులాలో ఆగస్టు ఎండ
ప్లాస్టిక్కుని బిస్కెట్టులా విరుస్తుంది.
కొండ కింద గ్వాదియానా ఎంత నిండుగా పోతున్నా
మనకొచ్చేది మీటరు తిరిగిన నీళ్లే.
కానీ తమ్ముడూ,
రోజూ ఆ మెట్లెక్కి నేలకి వంగేది నువ్వా, నేనా?
ఇవి అరవై ఏడేళ్ల మోకాళ్లు,
ముప్పై ఏళ్లు బడి వరండాలు తుడిచినవి.
వంగితే లేవడానికి గోడ కావాలి.

పెన్సిలు లాక్కున్నాను.

టమాటాలకి పొద్దున్నే దాహం, మళ్లీ సాయంత్రం దాహం.
నారింజకి వారానికొక్క లోతైన గుక్క చాలు.
కొత్తిమీర సంగతి చెప్పక్కర్లేదు,
నీళ్లెక్కువైతే కుళ్లుతుంది
తక్కువైతే అలిగి పూతకొచ్చేస్తుంది.
అన్నిటినీ ఒకే వాల్వుకి కట్టడమంటే
నాన్న ఒకసారి మా ముగ్గురికీ
ఒకే కొలత బూట్లు కొన్నట్టు.
మొదటి ప్రసాదానికి కుంటుతూ వెళ్లింది నువ్వే కదా,
మర్చిపోయావా?

అందుకని మూడు.
వంటింటి తలుపు పక్కన, గోడకి,
అంజూరపు నీడ పడే చోట, నడుమెత్తున.
చేతిలో గిన్నె ఉన్నా
మోచేత్తో తిప్పేలా.

"ఇక్కణ్నుంచి నారింజకి పద్దెనిమిది మీటర్లు, అదీ ఎగువకి.
చివరికొచ్చేసరికి చుక్క కాదు, చెమట పడుతుంది," అన్నాడు.
టేపు తెచ్చి కొలిచాం.
ఇరవై ఒకటి.
పేకాటలో ఆసు దించినవాడిలా చూశాడు.

సరే. నారింజ వాల్వు నీ పెట్టెలోనే ఉండనీ.
తిప్పడానికి వారం వారం నువ్వే రా.
ఆదివారం. భోజనం వేళకి.

వచ్చాడు.
కిటికీలోంచి చూస్తున్నాను:
పెట్టె మూత తీశాడు, చొక్కా చేతులు మడిచాడు,
వంగాడు.
టక్కుమని చప్పుడు
ఇక్కడిదాకా వినిపించింది. వాల్వుది కాదు.
పట్టుకోవడానికి గోడ కోసం గాల్లో వెతుకుతోంది చెయ్యి.
నారింజ కొమ్మ దొరికింది.

ఏమీ చూడనట్టు
వెల్లుల్లి దంచుతూ
కొత్తిమీర వాల్వు సగం తిప్పాను, మోచేత్తో.