ఆగడం

నడిపించడం తేలికే.
మీట నొక్కితే ముందుకి, ఇంకోటి నొక్కితే పక్కకి,
వేగం ఆరు, మలుపు తొంభై.
మొదటి రోజే నడిచేసింది బొమ్మ.
గోడ అడ్డొచ్చినా నడుస్తూనే ఉంది
ముక్కు గోడకానించి, కాళ్లాడిస్తూ,
నేను టీ తాగొచ్చేదాకా.

ఆపడమే రాలేదు నాకు.
మీట వదిలితే మేకు కొట్టినట్టు బిగిసిపోయేది.
కాస్త జారనిస్తే
పాచి మీద కాలేసినట్టు కాలవలోకి పోయేది.
ఆడి చూసిన షణ్ముఖ బరంపురం నుంచి ఫోన్ చేశాడు:
"నీ మనిషికి ఒంట్లో బరువు లేదురా."

పెదవాల్తేరు ఎగువలో నా గది.
ఆరున్నరకి కిటికీ కింద
జాలారిపేట నుంచి ఎక్కొస్తుంది ఎర్నమ్మ,
నెత్తిన నెత్తళ్ల బుట్ట.
ఎవరైనా పిలిస్తే ఒక్కసారే ఆగదు.
ముందు మెడ ఆగుతుంది,
తర్వాత నడుము,
కాళ్లింకా అడుగున్నర వేస్తాయి.
అప్పుడు బుట్టలోంచి ఒక నీటిచుక్క
చెవి పక్కగా జారుతుంది.

వారం రోజులు చూశాను, పళ్లు తోముకుంటూ.
మెడకో లెక్క, నడుముకో లెక్క,
మొత్తం సున్నా పాయింటు మూడు ఎనిమిది సెకన్లు.
రాసి, నడిపి, మీట వదిలాను.
ఆగింది.
మనిషిలా ఆగింది.

ఆ రాత్రి సర్వర్లో నాలుగు వందల మంది,
ఎవరో రాజమండ్రి కుర్రాడు, ఎవరో ఊరు చెప్పని పిల్ల,
కత్తులతో, కిరీటాలతో, కొమ్ములతో
ఎర్నమ్మలా ఆగుతున్నారు.
నెట్ నెమ్మదించినప్పుడు మాత్రం
ముందుకెళ్లినవాడు వెనక్కొచ్చి పడుతున్నాడు.
అదింకా చూడాలి.

ఆదివారం కానాగడతలు బేరమాడి
మెట్ల మీదే లాప్‌టాప్ తెరిచి చూపించాను.
పొలుసుల చేతులు కొంగుకి తుడుచుకుని
కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.
"నెత్తి మీద ఏటున్నాదని బావూ
అలగ ఆగతన్నాడీ గుంటడు?"
ఏమీ లేదన్నాను.
"మరి దించీసినోడు దించీసినట్టు నడవాల గదా!"

చుట్టకుదురు సర్దుకుని ఒక చెయ్యెయ్యమంది.
బుట్ట ఎత్తడం నాకదే మొదలు.
మోచేతులు సాయంత్రం దాకా వణికాయి.

అప్పట్నించీ ఒక ఫంక్షన్ ఖాళీగా ఉంది.
పేరు 'బరువు దించాక'.
రెండు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు.
ఖాళీ బుట్టతో ఆమె ఎలా నడుస్తుందో చూద్దామని
రెండు మధ్యాహ్నాలు కాపు కాశాను.
ఆటోలో వెళ్లిపోతోంది,
బుట్ట ఒళ్లో పెట్టుకుని.