బేస్‌మెంట్ లెవెల్

పూనెం జోగమ్మ
ట్రంకు పెట్టెలకెల్లి ఆకుపచ్చ చీర తీసి కట్టుకున్నదంటే
నేను వాగు దాటి వస్తున్నన్న ముచ్చట
ఆమెకు అందిందన్నట్టు.

ఫోటో కోసం.
ఇది నాలుగోసారి.

పునాది ముందట నిలబడాలె, ముఖం కనబడాలె,
ఎనుక సిమెంటు కనబడాలె.
"నవ్వాల్నా సారూ?" అంటది,
మొదటిసారి అడుగుతున్నట్టే.
నవ్వాలని యాప్‌ల ఎక్కడా లేదు.
వద్దని గూడ లేదు.

నా ఫోన్‌ల ఆమె ఇల్లు మూడు గళ్లు:
బేస్‌మెంట్, గోడలు, స్లాబు.
గడి దాటితే బిల్లు.
వాగు దాటేటందుకు గడి లేదు.

వాగు మీద వంతెనకు నాలుగు దిమ్మెలున్నయి.
అవి పోసిన ఏడు పుట్టిన పోరగాడు
ఇప్పుడు వాటి మీదికెల్లే నీళ్లల్ల దుంకుతున్నడు.
దిమ్మెకూ దిమ్మెకూ నడుమ
ఎండకాలం ఇసుక, వానకాలం నీళ్లు,
ఏడాది పొడుగూతా టెండరు.

ఇసుక సంగతి చెప్పాలె.
మా వాగు ఇసుకకు పేరున్నది.
రాత్రిపూట పట్టాలు కప్పుకొని
లారీల మీద లారీలు పట్నం పోతయి.
ఆడ ఏ ఇరవయ్యో అంతస్తుల్నో
మా వాగు గోడై నిలబడి ఉంటది.
ఒడ్డు మీదున్న జోగమ్మకు మాత్రం
మూడు ట్రాక్టర్ల ఇసుకకు కూపన్ కావాలె,
కూపన్‌కు నా సంతకం కావాలె,
ట్రాక్టర్‌కు బాట కావాలె.
సంతకం నేను పెట్టిన.

సిమెంటు నెత్తి మీద వచ్చింది.
బస్తాను రెండు సంచులు చేసి,
మోకాటి బంటి నీళ్లల్ల,
జోగమ్మ, కోడలు నాగవేణి, మరిది ఎర్రయ్య.
ముప్పై రెండు బస్తాలల్ల ఐదు
ఒక్క రాత్రి వానకు గడ్డ కట్టినయి.
సంచి పొట్ట, సంచి కుట్లు, అన్నీ అట్లనే అచ్చుపడ్డ ఆ రాళ్లను
లేని దర్వాజకు మెట్లు ఏసుకున్నది.
ఎక్కితే అటుదిక్కు ఎర్రయ్య మేకలు కనబడతయి.

గుడిసె పీకేయమన్నది నేనే.
"జాగ ఖాళీ ఉంటేనే ముగ్గు పోస్తం" అన్న.
రూలు అట్లనే ఉండె, నేను చదివి చెప్పిన.
తెల్లారేసరికి
వెదురు తడకలు కట్టలు కట్టి ఓ పక్కకు పెట్టింది,
ఇరవై ఏండ్ల పొగ పట్టి నల్లగున్నయి.
ఆ పొద్దు నుంచి వాళ్లు పట్టా కింద ఉంటున్నరు.
పోడు భూమికి అడిగిన పట్టా కాదు, అది ఇంకా రాలే.
ఇది నీలం రంగుది,
నాలుగు మూలల తాడు కట్టుకోవచ్చు.

పోయినసారి పంపిన ఫోటో తిరిగొచ్చింది:
"నిర్మాణంలో పురోగతి కనబడలేదు."
నేను రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసిన.
జూన్‌ల, పునాదికెల్లి లేచిన ఇనుప చువ్వలకు
బీరతీగ మొలకాళ్ల దాక ఉన్నది.
ఆగస్టుల చువ్వలు దాటి, పట్టుకునేటందుకు ఇంకేం లేక
గాలిల ఊగుతున్నది.

నాకూ ములుగుల ఒకటే అర్ర, కిరాయిది.
ఓనరు కొడుకు లగ్గమట, దసరా లోపల ఖాళీ చేయమన్నడు.
ఆ మాట జోగమ్మకు చెప్పలే.
చెప్తే, తడకలున్నయి కట్టుకో సారూ అంటది.
నిజంగనే అంటది.

ఇయ్యాల రెండు ఫోటోలు తీసిన.
ఒకదాంట్ల నవ్వింది,
ఒకదాంట్ల, నేను వద్దనకముందే ఆపేసింది.

సిగ్నల్ గుట్ట మీదనే.
ఎక్కిన. బండ మీద కూసున్న.
చక్రం తిరుగుతున్నది, ఆగుతున్నది, తిరుగుతున్నది.
కింద దూరంగ తారు రోడ్డు మీద లారీల లైట్లు,
నిండినవి మెల్లగ,
ఖాళీవి ఉరుకుడుగ.

చినుకు పడ్డది.
ఫోన్‌ను అంగీ కింద దాసుకున్న.

ఆడ జోగమ్మ
నీలం పట్టా తన మీదికెల్లి గుంజి
మిగిలిన తొమ్మిది బస్తాల మీద కప్పుతుండొచ్చు.